తేడా గడి

ఎల్లాజీ తెల్లారకుండానే ఫిషింగ్ హార్బరు నుంచి
తడిగోనెలో పీతల్ని మోసుకొస్తాడు.
"ఈటికి రగతం నేదమ్మా, వొట్టి నీల్లే" అంటాడు, రోజూ.
కాలి కీలులో సూది గుచ్చి లాగి
గాజుపలక మీద వదిలితే
ఆ నీళ్ళే, గాలి తగిలిన కాసేపటికి
మైలుతుత్తం కలిపిన సున్నంలా నీలమవుతాయి.
ఎల్లాజీ నమ్మడు.
నేనేదో మందు కలిపానంటాడు.

నా పని పట్టిక నింపడం.
యూనివర్సిటీలో సముద్రం వైపు గది,
ఉప్పుగాలికి తుప్పుపట్టి మూసుకోని ఫ్రిజ్ తలుపు,
మూడేళ్ళు.
ఊపిరిని మోసే మాంసకృత్తు
ఒక్కో ప్రాణిలో ఏ అక్షరాల వరసో చూసి
మనిషి వరస పక్కన పెట్టి
ఎన్నిచోట్ల కలవలేదో చివరి గడిలో రాయాలి.

మనిషిది నూట నలభై ఆరు అక్షరాల గొలుసు.
పూర్ణా మార్కెట్ కోడికి తేడా నలభై అయిదు.
గేదెకి పాతిక దగ్గర.
పీతని పట్టికలోంచి తీసేశాం,
అది ఇనుమును కాదని రాగితో కాపురం పెట్టింది.
గొరిల్లాది పుస్తకంలోంచి ఎక్కించాను.
తేడా: ఒకటి.
అది రాసిన మధ్యాహ్నం క్యాంటీన్‌లో
ఇడ్లీ ముక్క సాంబార్లో ముంచుకుంటున్న
మా అప్పలనరసయ్య సారుని
కొంచెం కొత్తగా చూశాను.

చింతపల్లి అవతల నుంచి వంతాల బుద్రు
కూతుర్ని కేజీహెచ్‌కి తెచ్చినప్పుడల్లా
నెత్తురు సీసా పట్టుకుని మా గదికొస్తాడు.
ఈసారి వచ్చేటప్పుడు రాజ్మా మొక్క
వేళ్ళతో సహా పట్రమ్మన్నాను.
కట్టకట్టి తెచ్చాడు, మట్టి రాలకుండా అడ్డాకులు చుట్టి.
పిల్లకి మందు అనుకున్నాడు.
కాదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

వేరు మీద బుడిపెని బ్లేడుతో కోశాను.
లోపల లేత ఎరుపు.
చిక్కుడు జాతి వేరుకి నెత్తురేమిటి!
తేడా నూరు దాటింది,
అయినా నడుమ అదే ఉంగరం, అందులో అదే ఇనుము.
పైన ఆకు కూడా ఆ ఉంగరమే పెట్టుకుంది,
రాయి ఒక్కటే మార్చుకుని పచ్చబడింది.

ఇనుమంటే, మా వన్‌టౌన్ డాబా మీద
ఆరేసిన తెల్లచీర మీద వాలే ఎర్రదుమ్ము.
ఓడలకెక్కించగా మిగిలింది గాలికొదిలేస్తారు.
అమ్మ దులుపుతూ పోర్టుని తిడుతుంది.
దులపని చోట కూడా అదే ఉందని
అమ్మకి చెప్పలేదు.

సొన్నాయికి పద్నాలుగేళ్ళు.
చలిగాలి తిరిగితే మోకాళ్ళలో
గాజుపెంకులు నడుస్తాయంటుంది.
జెల్ మీద ఆమె పట్టీ అందరికంటే వెనకబడింది,
బస్సు దొరకని పిల్లలా.
ఆరో అక్షరం.
అమ్మ దగ్గరనుంచి ఒకటి, నాన్న దగ్గరనుంచి ఒకటి.
ఒక్కటే అయితే కొండజ్వరానికి అడ్డు నిలిచేది,
దోమతో అడవి ఎప్పుడో కుదుర్చుకున్న బేరం.
రెండు కలిస్తే ఎర్రకణం కొడవలి.

"నా రక్తంలో ఏం తప్పుంది?" అని అడిగింది,
వార్డులో, సెలైన్ చెయ్యి కదపకుండా.
ఒక్క అక్షరం, అన్నాను.
నవ్వింది.
"ఒత్తు తప్పితే మా ఆశ్రమ బడిలో
మేష్టారు వేళ్ళ మీద కొట్టేవారు.
దీనికెవర్ని కొడతారు?"

బీచ్ రోడ్డు దీపాలు వెలిగాక గదికొచ్చాను.
పట్టికలో ఆమె వరస ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
మొదటి గడి, జాతి.
మనిషి కింద మళ్ళీ మనిషి అని రాశాను.
చివరి గడిలో ఒకటి వేసి
పైకి చూస్తే గొరిల్లా ఒకటి.
పెన్ను మూత పెట్టలేదు చాలాసేపు.

ఫ్రిజ్ కింద ఏదో గోకుతోంది.
పొద్దున గోనెలోంచి తప్పించుకున్నదై ఉంటుంది.
ఎల్లాజీ లెక్కలో ఒకటి తక్కువ.
తలుపు తీసిపెట్టి
లైటార్పి
మెట్లమీద కూర్చున్నాను.