రాడ్ల లెక్క

మొదటిసారి మెట్ల దాకే పోయినం.
పదకొండు మెట్లు. ఆఖరిదాని మీద
ఓంకార్ కూసున్నడు, చెవులు రెండూ మూసుకుని.
లోపల మిషన్ గియ్యిమంటున్నది.
డాక్టర్ సుమయ్య బయటికొచ్చి
తానూ ఒక మెట్టు మీద కూసున్నది.
"ఈడిదాకా వస్తే వచ్చినట్టే" అన్నది.
ఫీజు తీసుకోలే.

రెండోసారి కుర్చీ దాకా.
కుర్చీ పైకి లేస్తది, కిందికి దిగుతది.
ఇరవైసార్లు లేపించిండు.
ఎనక ఎవరో గునిగిన్రు,
పోరన్ని రెండు తగిలిస్తే నోరు తెరుస్తడని.
నేను గోడ దిక్కు చూసిన.
ఒకప్పుడు ఆ మాట అన్నోణ్ణే నేను.

మా ఆమె పలక మీద బొమ్మలు గీసింది:
బస్సు, గడియారం, మెట్లు, కుర్చీ, తెల్ల లైటు,
మళ్ల బస్సు.
ఇంటికొచ్చే ఆ బస్సునే వాడు వేలితో రుద్ది రుద్ది చూస్తడు.
చెరిగిపోతది. ఆమె మళ్ల గీస్తది.

నేను బోరుబండి మీద పనిజేస్త.
చండూరు, మర్రిగూడ, నాంపల్లి,
ఏ చెల్కల ఎన్ని రాడ్లు దిగినయో
నిద్రల లేపి అడిగినా చెప్త.
ఇంటికొస్తే నాయినా అని పిలవడు వాడు.
"ఎన్ని?" అంటడు.
"ముప్పై నాలుగు."
"నీళ్లు?"
"దుమ్మే."

మూడోసారి కుర్చీల వాడు కట్టెలెక్క బిగుసుకపోతే
అప్పుడు తట్టింది నాకు.
చెవికాడ వంగి చెప్పిన:
బిడ్డా, ఇది శిన్న బోరు.
ఐదే రాడ్లు. ఐదుకు ఆగుతది.
ముందే ఆపాలంటే చెయ్యెత్తు, బండి బంద్.
సుమయ్యమ్మ నా మొకం చూసి
"ఐదే" అన్నది వానితోని.
ఒకటి.
రెండు.
మూడుకు చెయ్యి లేచింది.
మిషన్ ఆగింది.
వాడు తన చెయ్యినే తిప్పి తిప్పి చూసుకున్నడు,
ఎత్తితే లోకం ఆగే చెయ్యి.

పన్ను సగమే అయింది.
మంగళారం మళ్ల రమ్మన్నది.

రాత్రి చెంచా పట్టుకుని నా మంచం కాడికొచ్చిండు.
"ఆ" అన్నడు.
తెరిసిన.
ఫ్లోరైడ్ నీళ్లు తాగి గోధుమ చారలు పడ్డ పండ్లు,
పెండ్లి ఫొటోల కూడా మూసుకున్న నోరు.
ఒక్కొక్కదాన్నే చెంచాతోని తట్టి
లెక్కపెట్టిండు. ఇరవై తొమ్మిది.
"నీళ్లు?" అని అడిగిండు.

ఈసారి
దుమ్మే అని అననీకి నోరు రాలే.