రెండో అంతస్తు

గాంధీ ఆసుపత్రిలో డ్రిప్పు పీకేస్తూ నర్సు
మందుల చీటీ వెనక రాసిచ్చింది:
చిలకలగూడ, స్కూలు, రెండో అంతస్తు,
ఇవాళే, ఏడింటికి.
ఏ స్కూలో రాయలేదు.

బస్టాపు నుంచి సందు మలుపు దాకా
రెండు వైన్సులు, ఒక పర్మిట్ రూము.
వాటి అడ్రసు ఎవర్నీ అడగక్కర్లేదు,
కళ్లు మూసుకున్నా కాళ్లకు తెలుసు.
మొదటిదాని ముందు ఫోను చెవికి పెట్టుకుని
ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నడిచాను.
రెండోదాని ముందు ఆగాను.
పల్లీల మీద ఉల్లిపాయ తరిగి నిమ్మకాయ పిండిన వాసన
వచ్చి మెడమీద చెయ్యేసింది,
"ఏందిరా, కనబడ్తలేవు" అన్నట్టు.

పాన్ డబ్బా దగ్గర అడిగాను:
"ఇక్కడ స్కూలెక్కడ భాయ్?"
"ఏ స్కూలు? మూడున్నయి."
"ట్యూషను... రాత్రిపూట... మా పిల్లగానికి."
నా చేతివంక చూశాడు.
వేళ్ల మధ్య చీటీ వణుకుతోంది,
గాలి లేదు.
ఆకుకు సున్నం రాస్తూనే అన్నాడు:
"నీలం గేటు. మెట్లకాడ లైటుండదు, చూస్కోని ఎక్కు.
మా అన్న గూడ ఆ ట్యూషన్‌కే పోతుండె."
ఇప్పుడు? అని నేను అడగలేదు.

లిఫ్టులు బాగుచేయడం నా పని. ఇరవై రెండేళ్లు.
వేగం మించితే పట్టాను కరుచుకునే ఇనుప దవడ ఒకటుంటుంది,
తాడు తెగినా మనిషి పడిపోడు.
అమీర్‌పేటలో, మాదాపూర్‌లో
ఎన్ని దవడలు విప్పి తుడిచి బిగించానో.
నాది ఏ అంతస్తులో పట్టు వదిలిందో
చూసుకోలేదు.

ఈ స్కూలుకు లిఫ్టు లేదు.
మొదటి అంతస్తులో మెట్టు మీద కూర్చుండిపోయాను.
పైనుంచి నవ్వులు.
తాగినవాళ్ల నవ్వు నాకు తెలుసు, ఇది అది కాదు.
ఎట్లా నవ్వుతున్నారో చూద్దామని,
అంతకుమించి మంచి ఉద్దేశమేదీ లేకుండా,
లేచాను.

మూడో తరగతి గది.
మోకాళ్లు గడ్డానికి తగిలే బెంచీలు.
బోర్డు మీద చెరపని ఏడో ఎక్కం.
తొమ్మిది మంది,
ఫెయిలై ఫెయిలై అదే క్లాసులో ముసలైన పిల్లల్లా.
"పేరు చాలు. ఇంటిపేరు ఇంటికాడ్నే ఉండనీ"
అంది ఫిలోమినమ్మ, రైల్వేలో రిటైరైన టైపిస్టు.
బియ్యం డబ్బాలో క్వార్టరు దాచేదట.
జహంగీరుది ఆటో.
కూతురి నిశ్చితార్థపు ఉంగరం ఎక్కడ కుదువపెట్టాడో
నవ్వుతూ చెప్పాడు,
చెప్పడం అయిపోయాక నవ్వలేదు.
కిటికీ పక్కనతను తన వంతు వస్తే
"నేను వింట" అన్నాడు.
సరే అన్నారు.

నా పేరు చాలాచోట్ల చెప్పాను,
ఇంటర్వ్యూల్లో, పోలీస్ స్టేషన్లో, మామగారి పంచాయితీలో.
"నర్సింగం" అన్నాను.
తర్వాతి మాట నోట్లో తిరిగింది.
బస్తీ అంతా నన్నన్న మాటే,
నీరజ ఏడుస్తూ అన్న మాటే,
నేనే ఎప్పుడూ అనలేదు.
"తాగుబోతును."
ఎవరో ఫ్లాస్కు మూత తిప్పుతున్న చప్పుడు.

"ఎన్ని రోజులాయె?"
"రోజులు కాదు. నలభై ఒక్క గంటలు.
అందుల ముప్పై ఆసుపత్రివే."
చప్పట్లు కొట్టారు.
సిగ్గేసింది. నలభై ఒకటి,
ఏడో ఎక్కంలో కూడా లేని అంకె.
అల్లం చాయ్ చేతిలో పెట్టారు, సగానికే పోసి.
వణికే చేతులకు ఎంత పోయాలో
ఆ గదిలో అందరికీ తెలుసు.

వారాసిగూడ దాకా నడిచే వెళ్లాను,
వైన్సులు లేని చుట్టుదారిన.
జేబులో సోంపు పొట్లం అట్లాగే ఉంది,
ఏళ్లుగా ఇంటి మలుపులో నమిలే సోంపు.
ఇవాళ విప్పలేదు.

నీరజ తలుపు తీస్తే ముందు చూసేది నా మొహం కాదు,
నా ఊపిరి.
చూసింది.
మళ్లీ, ఇంకొంచెం దగ్గరికొచ్చి చూసింది.
"అల్లం" అంది.
ఇంకేమీ అనలేదు. పక్కకు జరిగింది.