మంగళవారం తూకం

కుఓపియోలో నవంబరు పొద్దు
ఎనిమిదిన్నర దాటితే గానీ లేవదు.
ఎలుకల గదిలో మాత్రం ఏడింటికే తెల్లారుతుంది,
స్విచ్చి మాట విని.
నేను పనిలో దిగేవేళకి అవి పడకలు సర్దుకుంటాయి.
రెండు జతల తొడుగులు, గుడ్డ టోపీ, తూకపు గిన్నె.
ముప్పై ఏళ్లుగా ఇదే నా మంగళవారం.

నల్లవాటికీ తెల్లవాటికీ ఒకటే మేత:
నీలం రంగు గుళికలు,
నలిపితే వేళ్లకి పందికొవ్వు అంటుకుంటుంది.
ఒకటే నీళ్లు, ఒకటే చెక్కపొట్టు పరుపు.
పన్నెండో వారానికి నల్లది నలభై నాలుగు గ్రాములు,
ఎత్తితే తడిసిన మేజోడులా వేలాడింది.
తెల్లది ఇరవై ఎనిమిది.
తినకా కాదు, మిగిలిన గుళికలూ నేనే తూచాను.
తిన్నది దానికి ఒంటబట్టలేదు, అంతే.

పక్క అరలో నల్లదాని తోబుట్టువులు.
ఇరవై తరాలు అన్నాచెల్లెళ్లకే ముడిపెట్టి
ఒకే అచ్చులో పోసిన నెత్తురు.
మామూలు గోధుమ మేత తిని
సన్నగా, చురుగ్గా పొట్టు తవ్వుకుంటున్నాయి.
"మరి తప్పు నెత్తురుదా, గిన్నెదా?"
కొత్తగా చేరిన ఔలిస్ అడిగాడు.
తోక కొసన చుక్క పిండి మీటరుకి అందించాను.
రెండు గంటలైనా చక్కెర దిగలేదు.
జవాబు నాకు తెలిస్తే కదా.

ఆదివారం అక్క హిల్కా ఇంట్లో కలకుక్కో.
రై పిండి గోడల మధ్య చేపలూ పందిమాంసమూ
రాత్రంతా మగ్గిన రొట్టె.
పైన వెన్న. అమ్మ రాసినట్టే, ఆ పైన ఇంకా వెన్న.
ఒకే బల్ల దగ్గర పెరిగాం మేమిద్దరం,
ఒకే పేక, పంచిన ముక్కలు వేరు.
డెబ్భై ఒకటిలోనూ అక్క నడుము స్కీ కర్ర.
నేను స్నానాలగదిలోకి వెళ్లి
పొట్టలో సూది గుచ్చుకొని వచ్చాను.
"నీకు నోరు కట్టుకోవడం రాదు రైలీ" అంది
రెండో ముక్క కోసుకుంటూ.

నలభై నాలుగు గ్రాములదానికి ఎవరూ ఆ మాట అనరు.
నా రిజిస్టరులో బరువుకి గడి ఉంది, చక్కెరకి ఉంది,
నిందకి లేదు.
అందుకేనేమో అక్కడే నాకు ఊపిరాడుతుంది.

కరువులో దేవదారు బెరడు దంచి
పిండిలో కలుపుకు తిన్న ముత్తవ్వ ఎవరో
దొరికిన ప్రతి మెతుకూ దాచుకునే ఒళ్లు
నాకు రాసిచ్చి పోయిందనుకుంటాను.
రుజువు లేదంటాడు ఔలిస్.
ఉండకపోవచ్చు. నాకు ఆవిడంటే కోపం లేదు.

నిన్న రాత్రి కట్టెల కొట్టంలో ఒక ఎలుక.
చెవికి చిల్లు లేదు, బోనుకి చీటీ లేదు,
అమ్మానాన్నల పేర్లు ఏ కాగితంలోనూ లేవు.
రై రొట్టె పెచ్చు ఈడ్చుకుపోతూ
టార్చి వెలుగులో ఒక్క క్షణం ఆగింది.
నా అరచెయ్యి దానంతటదే దొప్పయింది.
పద్దెనిమిది గ్రాములు.
మహా అయితే పంతొమ్మిది.