చెయ్యి మారే చోటు

గెంట్‌లో నవంబరు. ఆరు రాత్రుల పందెంలో నాలుగో రాత్రి.
ఈ చెక్క ట్రాకుని ఊరివాళ్ళు తొట్టి అంటారు.
నిజమే, చంటిపిల్లకి నీళ్ళు పోసేంత ఇరుకు.
నూట అరవై ఆరు మీటర్లకే తన తోక తన నోటికందుతుంది.
మలుపుల దగ్గర నేల లేచి గోడవుతుంది,
ఆ గోడమీద మనుషులు.

నేను ట్రామ్ నడుపుతాను.
పగలంతా నా అరచేతిలో బ్రేకుంటుంది.
ఈ సైకిళ్ళకి అది లేదు.
చక్రం తిరిగినంతసేపూ కాళ్ళకి సెలవు లేదు.
మొదటిసారి వచ్చినప్పుడు
ప్రతి మలుపులోనూ నా కుడిచెయ్యి
ముందుసీటాయన భుజాన్ని నొక్కేసింది.
ఆయనేమీ అనలేదు,
బీరు మాత్రం ఎడంచేతికి మార్చుకున్నాడు.

మేడిసన్ నాకు అర్థం కాలేదు.
పన్నెండు జంటలు.
సగంమంది కింద కొట్టుకు చస్తుంటే
సగంమంది పైన గోడవార షికారు.
చుట్టు వెనకబడ్డవాడే
అందరికంటే ముందు కనిపిస్తాడు.
కళ్ళు తిరిగి అంకెల బోర్డునే చూస్తూ కూర్చున్నాను,
సినిమాకెళ్ళి టికెట్టు చదువుకున్నట్టు.

పక్కసీటు గోడెలీవ్ నా గడ్డం పట్టుకుని తిప్పింది.
"అందర్నీ చూడకు. ఒక్క జంటని పట్టుకో.
అందులోనూ ఖాళీగా తిరిగేవాణ్ణి చూడు."

ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళు నూలుమిల్లులో కండెలు మార్చింది.
ఏ మగ్గంలో పోగు తెగిందో
చప్పుడు విని చెప్పేదట.

చూశాను. ఆకుపచ్చ చొక్కా, పేరు వాన్నెస్.
ఎర్రగీతకి చాలా పైన
రాలిన ఊపిరి ఏరుకుంటూ తిరుగుతున్నాడు.
భుజం మీదుగా ఒక్క చూపు.
కింద రూలాండ్ వస్తున్నాడు, నోరు తెరుచుకుని.
వీడు గరాటులో నూనెలా వాలు దిగాడు.
చేతిలో చెయ్యి పడింది.
కన్ను కొట్టేంతసేపు రెండు సైకిళ్ళకీ ఒకే మనిషి,
అంతే, వాడి వేగమంతా వీడిదైంది.
వాడు ఖాళీ గోనెసంచిలా పైకి తేలిపోయాడు.

"షిఫ్టు మారింది," అంది గోడెలీవ్.

కొస దొరికాక చిక్కు దానంతటదే విడింది.
పది చుట్లకోసారి ఆ గంటెందుకో,
ఐదు పాయింట్లకి అంత పళ్ళు కొరకడమెందుకో.
గుంపంతా ఒకరి మొహాలొకరు చూసుకునే అరక్షణంలోనే
ఎవడో ఒకడు ఎందుకు పారిపోతాడో,
పోనిచ్చినవాళ్ళు ఎందుకు తిట్టుకుంటారో.
నేనూ తిట్టాను. మా అమ్మ నేర్పని మాటలు.

ముప్ఫై రెండు చుట్లుండగా ఆ చప్పుడు.
చెక్కమీద చర్మం జారే చప్పుడు.
ఒకసారి విన్నవాళ్ళకి చాలు.
రూలాండ్.

నేను లేచాను. నా చెయ్యి బ్రేకు వెతుక్కుంది.
గోడెలీవ్ లేవలేదు.
"పడ్డవాణ్ణి డాక్టరమ్మ చూస్తుంది.
నువ్వు వాన్నెస్‌ని చూడు."

వాన్నెస్ ఒక్కడే. దించుకునేవాడు లేడు.
అలవాటుగా ఒక చెయ్యి పక్కకి వెళ్ళి
ఉత్తిగా తిరిగొచ్చింది.
ఇంకోసారి వెళ్ళింది.
మూడోసారి వెళ్ళలేదు.
గుంపు తోక పట్టుకుని వేలాడాడు,
పన్నెండు చుట్లు, పదమూడు, పద్నాలుగు.
బీరు అమ్మే కుర్రాడు కూడా
చిల్లర ఇవ్వడం మరిచిపోయాడు.

పదహారో చుట్టులో రూలాండ్ వచ్చాడు.
తొడమీద గుడ్డ లేదు, తొడలో చెక్కపేళ్ళు.
ఎవరిదో సైకిలు, సీటు బెత్తెడు ఎత్తెక్కువ.
చెయ్యి చాచాడు.
వాన్నెస్ దాన్ని అందుకున్నాడు,
విసరాల్సినవాడు
నిండు గ్లాసుని బల్లమీద పెట్టినట్టు
పందెంలో పెట్టాడు.

ఏడో స్థానం. పూలు డెన్మార్క్ వాళ్ళకి.
బోర్డు ఏం చెప్పిందో నేను చూడలేదు.
జనం లేచి బయటికి, చలిలోకి కదులుతున్నారు.
గోడెలీవ్ కదల్లేదు. చూస్తే,
నా కుడిచెయ్యి ఆమె మణికట్టు మీదుంది,
ఎప్పట్నించో.
"బ్రేకు కాదది," అంది,
తియ్యమనలేదు.