రికాబులో కాలు

గెషె బల్లకి కింది సొరుగు
ఎప్పుడూ సగంలో ఇరుక్కునేది.
ఆమె పోయిన మంగళవారం
మోకాలితో తన్ని తెరిచాను.
ముప్ఫై ఏళ్ళ ఉపన్యాసాలు,
మేయర్లవి, పెళ్ళికూతుళ్ళ తండ్రులవి,
అగ్నిమాపక దళం వార్షికోత్సవానివి.
ప్రతిదాని నెత్తినా పెన్సిలుతో ఒకే మాట:
ష్టేగ్‌రైఫ్. ఆశువుగా.
అంచున ఇంకా చిన్న అక్షరాలు:
"ఇక్కడ తడబడండి."
"జేబు తడుముకోండి, కాగితం ఉండదు కదా."
"కిటికీలోంచి బయటకు చూడండి. రెండు గుటకలంత సేపు."

నవ్వొచ్చింది.
నా పెళ్ళి విందులో మా నాన్న
కిటికీ వైపు చూసింది గుర్తొచ్చి
ఆగిపోయింది.

ఆ మాటకి అసలర్థం ఆమే చెప్పింది ఒకసారి,
వేడి టీలో కలకండ చిటపటమని పగులుతుంటే.
రికాబుకి పాత పేరట అది,
ఎక్కడానికి వేలాడదీసిన తాడు ఉంగరం.
దూత వస్తాడు. గుర్రం దిగడు.
వాన కారుతున్న టోపీ తీయడు.
కాలు రికాబులో ఉండగానే
చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోతాడు.
"ఇప్పుడు రికాబుకి పేరు మారింది,
గుర్రాలా, ఆదివారం పిల్లల స్వారీకి.
మాట మాత్రం ఇంకా దిగలేదు చూడు."
"మరి మీరు రాసిచ్చేవాళ్ళు?"
"వాళ్ళా, కొయ్యగుర్రం మీద" అని
మూడో కప్పు పోసింది.
మా వైపు మూడు తాగకుండా లేస్తే తప్పు.

శుక్రవారం పాస్టరు అవతలి గట్టునే ఉండిపోయాడు.
ఓడ కోసం ఎత్తిన వంతెన దిగనంది.
శవపేటిక ముందు ముప్ఫై మందిమి
ఒకరి బూట్లు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.
ఎవరి దగ్గరా కాగితం లేదు.
రాసిచ్చే మనిషి పెట్టెలో ఉంది.

హిల్కో లేచాడు.
కాలువ తూము తలుపులు చూసుకునేవాడు,
ఉదయమైనా అర్ధరాత్రైనా "మొయిన్" అనడం తప్ప
రోజుకి పది మాటలు దాటనివాడు.
గొంతు సవరించుకోలేదు.

"గెషె నా సైకిలు పంపు తీసుకెళ్ళింది.
తొంభై ఎనిమిదిలో.
ఇవ్వలేదు.
నేనూ అడగలేదు. అడిగితే
ఇచ్చేస్తుంది కదా,
ఇక మళ్ళీ రావడానికి..."

అక్కడ ఆగాడు.
కిటికీ వైపు చూస్తాడేమోనని చూశాను.
చూడలేదు.
తూము దగ్గర నీళ్ళ మట్టం
ఈ ఏడు ఎక్కువుందన్నాడు.
దానికీ గెషెకీ సంబంధమేమిటో
మాలో ఎవరికీ అర్థం కాలేదు.
కూర్చోబోయి మళ్ళీ లేచి
"అంతే" అని
కూర్చున్నాడు.
వెనక వరసలో ఫోలీనె ఏడ్చింది,
గెషెతో పదేళ్ళుగా మాటల్లేని ఫోలీనె.

నాలుగింటికి పాస్టరు వచ్చాడు.
మంచి ఉపన్యాసమే.
మడతల దగ్గర మాత్రం ఆగాడు.

సొరుగు ఎందుకు ఇరుక్కునేదో
సోమవారం తెలిసింది.
మొత్తం లాగేస్తే, వెనక పలకకి ఆనుకుని
తుప్పుపట్టిన పంపు.

గట్టు దారంతా తొక్కుతూ
ఏమనాలో వల్లెవేసుకున్నాను.
ఒక వాక్యం, బాగా కుదిరింది,
రెండు చోట్ల దిద్దాను కూడా.
హిల్కో తూము మీద నిలబడి ఉన్నాడు.
సైకిలు దిగలేదు.
ఒక కాలు పెడల్ మీదే ఉంచి
పంపు చాచాను.
వాక్యం రాలేదు.

"మొయిన్" అన్నాడు.
పంపు మూతి అరచేతికి ఆనించి
ఒకసారి నొక్కి చూశాడు.

గాలి వస్తోంది.