వంతెన కింద కొలత

చిట్టివలస వంతెన మూడో స్తంభానికి
తెల్ల రంగు, నల్ల గీతలు, అంకెలు.
రోజుకు రెండు పూటలా దిగి చదువుతాను.
ఎండాకాలమంతా ఏరు ఆ గీతల్ని తాకదు.
అయినా రాయాలి. సున్నా అని రాస్తాను.

సున్నా అంటే లేదని కాదు.
ఇసకలోకి మూరెడు చెయ్యి దించితే
వేళ్లకి చల్లగా తగులుతుంది,
లోపల్లోపల నడిచిపోతూ.
దానికెవరూ గీత గియ్యలేదు.

పేరు గోస్థని. ఆవు పొదుగు.
ఏటి నడుమ ఊటబావులు;
రాత్రంతా మోటార్లు పితుకుతూనే ఉంటాయి.
మా అయ్య పశువుల మనిషి, అనేవాడు:
దూడ మూతి పెట్టందే ఆవు చేపదురా అని.
ఈ ఆవుని చేపమని అడిగినవాళ్లు లేరు.
గొట్టం విశాఖపట్నం వైపు పోతుంది.
గట్టుమీద, పంచాయతీ కుళాయి దగ్గర
బిందెలు వరసలో కూర్చుని ఉంటాయి.

జూట్ మిల్లు గోడల్లో జిల్లేళ్లు మొలిచాయి.
సైరన్ ఆగి ఎన్నేళ్లయినా
రెల్లి గున్నమ్మ షిఫ్టు వేళకే లేస్తుంది,
చీర కొంగు ఒకసారి దులుపుతుంది.
దులపడానికి నార ఏదీ!
ఆమె పెద్దకొడుకు పరవాడ మందుల కంపెనీలో,
చిన్నోడు ఎక్కడో చెన్నై దగ్గర.

తగరపువలస, చిట్టివలస,
వచ్చి దిగినవాళ్లు పెట్టుకున్న పేర్లు.
వెళ్లిపోయేవాళ్లకీ ఆ మాటే సరిపోయింది.

భీమిలి నుంచి గరికిన పోలిరాజు ఫోను:
"మొగ పూడిపోనాది మాస్టారూ,
ఎగువనుంచి ఏటైనా వస్తాదా?"
ఏటిని నేనే తాళం వేసి దాచినట్టు.
ఇసక తిన్నెకి ఇవతల చవిటి మడుగు,
అవతల సముద్రం,
మధ్య పడవ ఒరిగి పడుకుంది.

తుఫాను రాత్రి మాత్రం
టార్చిలైటు పట్టుకుని గీతలు వెతికాను.
స్తంభం లేదు. ఎర్రటి నీళ్లు,
అరటి బోదెలు, ఎవరిదో తాటాకు కప్పు,
ఒక గేదె, బతికే ఉంది, తల పైకెత్తి.
చదవడానికి అంకె లేక
"మునిగింది" అని రాశాను.
తెల్లారి పోలిరాజు అరుపు:
"తెగిపోనాది! మొగ తెగిపోనాది!"
వెనక అలలు, ఆడవాళ్ల కేకలు.
ఆ మధ్యాహ్నం గున్నమ్మ ఇంట్లో మోకాలి బురద.

మళ్లీ ఎండాకాలం. మళ్లీ సున్నా.
మొన్న పక్కనే పెన్సిలుతో "తడి ఉంది" అని చేర్చాను.
సెక్షన్ ఆఫీసరు కళ్లజోడు తీశాడు.
"తడికి యూనిట్ ఏంటయ్యా?"

మూర, అన్నాను.
ఇంకా ఇసక వదలని చెయ్యి చూపించి.