పగులు కొలిచే కార్డు

మొదటి వారమే సీనియర్లు మా బూట్లు లాక్కున్నారు.
మొహానికి రంగు, జుట్టుకు చేపల కంపు పులిమి
వల్పరాయిసో సిగ్నళ్ళ దగ్గర నిలబెట్టారు.
చిల్లర తెస్తేనే బూట్లు.
కాలే తారు మీద కాళ్ళు మార్చుకుంటూ
బస్సు కిటికీలోకి చెయ్యి చాపాను:
"సివిల్ ఇంజనీరింగండీ, మొదటి ఏడాది."
డ్రైవరు వంద పెసోల బిళ్ళ వేసి
"రేపు నీ వంతెన మీద పోయేది నా బస్సే, చదువు" అన్నాడు.
ఫీజు కట్టకుండా నేర్చుకున్న పాఠం
అదొక్కటే.

తర్వాత ఆరేళ్ళు.
కాల్క్యులస్ రెండుసార్లు తన్నింది,
మూడోసారి జాలిపడింది.
ప్రొఫెసర్ సూనిగా క్లాసుకు పుస్తకం తెచ్చేవాడు కాదు,
సంచిలో పగిలిన ఇటుక తెచ్చేవాడు.
"గోడలకు చెవులుంటాయని జనం గుసగుసలాడతారు.
మీరు గోడల నోళ్ళు చూడండి.
సున్నంలో వెంట్రుకవాసి గీత, అది ఆవులింత.
మూల నుంచి మూలకు ఏటవాలుగా తెరుచుకుందా,
అది కేక.
ఏ నోరూ అబద్ధమాడదు,
చెవిటితనమంతా మనదే."
మేం నోట్సు రాసుకున్నాం.
ఆవులింతకు రెండు మార్కులు, కేకకు ఐదు.

చదువైపోయాక
యాస్నా ఉత్తరాన రాగి గనికి వెళ్ళింది,
ఏడు రోజులు ఎడారి, ఏడు రోజులు ఇల్లు.
జీతమెంతని అడిగితే నవ్వుతుంది,
నిద్ర పడుతోందా అంటే మాట మారుస్తుంది.
బాల్దొమేరో సాంతియాగోలో బ్యాంకు గాజుమేడలో.
లెక్కలు అవేనట, దూలాల బదులు
ఇప్పుడు మనుషులు అప్పు మోస్తారట.
ఫ్రేసియా ఆఖరి ఏడాది మానేసి రొట్టెల కొట్టు పెట్టింది.
ఆమె కట్టిన పొయ్యి కమాను
మా బ్యాచ్ మొత్తంలో
నిజంగా నిలబడ్డ మొదటి కట్టడం.
నాకు మునిసిపాలిటీ ఇచ్చింది
ఒక హెల్మెట్టు, ఒక టార్చి,
అరచేతిలో పట్టే పారదర్శకమైన కార్డు.
దాని అంచున గీతలు,
వెంట్రుక నుంచి అగ్గిపుల్ల దాకా.

భూమి ఊగిన మర్నాడు కొండ ఎక్కాను.
రేకుల ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి.
దోన్యా ఒతీలియా టీ పెట్టింది, వద్దన్నా.
వంటగది గోడకు పాత క్యాలెండరు.
అక్కడ అది ఎందుకుందో నాకు తెలుసు,
మొటిమ మీద పౌడరు.
మెల్లగా ఎత్తాను.

పగులు ఉంది.
పగులు పక్కన పెన్సిలు గీతలున్నాయి.
ప్రతి గీతకీ ఒక తారీకు,
వణుకు లేని చేతిరాత.
నలభై ఏళ్ళుగా, భూమి కదిలిన ప్రతిసారీ,
కుట్టుపని టేపుతో కొలిచి
ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టింది.
"జాకెట్టు పిగిలితే ఎంత పిగిలిందో చూడకుండా
సూది తియ్యరు కదమ్మా" అంది.
నా కార్డు జేబులోనే ఉండిపోయింది.

నిన్నటి పగులు
ఆఖరి గీత దాటి బొటనవేలంత పాకింది.
ఏటవాలుగా.

"ఈ రాత్రి ఇక్కడ పడుకోవచ్చా?"

ఆరేళ్ళ ప్రశ్నపత్రాల్లో ఈ ప్రశ్న రాలేదు.
సమీకరణం పడుకోదు,
దానికి నడుంనొప్పి లేదు, పిల్లి లేదు,
కూతురింటికి వెళ్ళాలంటే అభిమానం అడ్డురాదు.
గోడ తట్టాను. చెవి పెట్టాను.
టార్చి వేసి పైకప్పు దూలం చూశాను, మళ్ళీ చూశాను.
పసుపు కాగితం అంటించాను:
వంటగది వద్దు, ముందు గదిలో పడుకో.
కింద నా సంతకం.
ఇంత చిన్న మాటకి
పేరులో అన్ని అక్షరాలు అవసరమా అనిపించింది.

ఆమె పెన్సిలు నా చేతిలో పెట్టింది.
"ఇవాల్టి తారీకు నువ్వెయ్యి. చదువుకున్నదానివి."
వేశాను. ఆమె గీతలంత తిన్నగా రాలేదు.
గుమ్మం దాకా వచ్చి అంది,
"బూట్లు తొడుక్కునే పడుకుంటాలే."

ఆ రాత్రి నేనూ తొడుక్కునే పడుకున్నాను.
మూడు దాటాక మంచం చిన్నగా కదిలింది.
నా గోడల వంక చూడలేదు.
కొండ వైపు కిటికీ తెరిచి
ఆమె దీపం వెలిగేదాకా
నిలబడ్డాను.